హాట్ టబ్ నీళ్లకు క్లోరినా, బ్రోమినా? ఏవి కొనాలి, ఏవి వద్దు?

పద్మజ_ఫ్రిస్కో

అందరికీ నమస్కారం. మా పెరట్లో కొత్తగా హాట్ టబ్ పెట్టించాం. నలుగురు కూర్చునేది, 350 గ్యాలన్లు, అంటే దాదాపు 1,300 లీటర్లు పడుతుంది. అమ్మిన దుకాణంవాళ్లు ఒక అట్టపెట్టె నిండా సీసాలు ఇచ్చారు: క్లోరిన్ గుళికలు, షాక్ పొడి, పీహెచ్ పెంచేది, పీహెచ్ తగ్గించేది, నురుగు తగ్గించేది, నీళ్లు మెరిసేలా చేసేది, వెండి కడ్డీ, లావెండర్ వాసన స్ఫటికాలు. ఏది ఎందుకో చెప్పమంటే అన్నీ వారానికోసారి వేయమన్నారు. ఆ సమాధానంతో నాకు ధైర్యం చాలడం లేదు.

వచ్చే నెల అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తున్నారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, వేడి నీళ్లలో కూర్చుంటే ఉపశమనంగా ఉంటుందని మా ఆశ. మా పాపకు ఏడేళ్లు. రోజూ సాయంత్రం ఇద్దరు ముగ్గురం దిగుతాం. నిజంగా కావలసిన మందులేవో, వాటి మోతాదులేమిటో తెలిసినవారు చెప్పండి. ఇంకా నీళ్లు నింపలేదు.

శేషు_ఆస్టిన్

పద్మజ గారూ, నింపకముందే అడిగారు, చాలా మంచిది. ఆ పెట్టెలోంచి మెరుపు సీసా, లావెండర్ స్ఫటికాలు ఇప్పుడే పక్కన పెట్టేయండి. నీళ్లలో క్రిములను చంపేది క్లోరిన్ గానీ బ్రోమిన్ గానీ, రెండింట్లో ఒకటి. మిగతా వాటిలో కొన్ని ఆ ఒక్కటి సరిగా పనిచేసేలా చూసేవి, కొన్ని దుకాణం లాభానికి పనికొచ్చేవి.

రోజూ దిగే ఇంటికి క్లోరిన్ మేలని నా అభిప్రాయం. మీ పెట్టెలోని గుళికల డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. డైక్లోర్ అని ఉంటే ఉంచుకోండి. ట్రైక్లోర్ అని ఉంటే తిరిగి ఇచ్చేయండి. అది ఈతకొలనుల కోసం చేసినది, పీహెచ్ 3 దగ్గర ఉండే ఘాటైన ఆమ్లం. చిన్న టబ్బులో అది తేలుతూ కూర్చుంటే అక్రిలిక్ తొట్టిని, హీటరును తినేస్తుంది.

డైక్లోర్‌తోనే నెలల తరబడి నెట్టుకురావడం కూడా కుదరదు. అందులో క్లోరిన్‌తో పాటు సైనూరిక్ ఆమ్లం, అంటే క్లోరిన్ ఎండకు పోకుండా పట్టి ఉంచేది, ఉంటుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, సైనూరిక్ ఆమ్లం మాత్రం నీళ్లు మార్చేదాకా పోదు. డైక్లోర్ నుంచి 1 పీపీఎం క్లోరిన్ వస్తే దాని వెంట 0.9 పీపీఎం సైనూరిక్ ఆమ్లం వస్తుంది. (పీపీఎం అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము.) 40 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఒక మనిషి గంటసేపు కూర్చుంటే వచ్చే చెమట, నూనె, మురికిని కాల్చడానికి మీ టబ్బులో సుమారు 7 పీపీఎం క్లోరిన్ కావాలి. అంటే రోజూ ఇద్దరు అరగంట చొప్పున దిగితే రోజుకు 6 పీపీఎం పైగా సైనూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. నెల తిరిగేసరికి 180 దాటుతుంది. ఆ స్థితిలో నీళ్లలో ముంచి రంగు చూసే పరీక్ష స్ట్రిప్ క్లోరిన్ ఉన్నట్టే చూపిస్తుంది, కానీ అది చాలా మందకొడిగా పనిచేస్తుంది.

అందుకే మొదటి కొద్ది రోజులు డైక్లోర్ వేసి, సైనూరిక్ ఆమ్లం 30 పీపీఎంకు చేరగానే ఆపేసి, బట్టలకు వాడే మామూలు ద్రవ బ్లీచ్‌కు మారాలి. 350 గ్యాలన్లకు మొత్తం 80 గ్రాముల లోపు డైక్లోర్‌తోనే ఆ 30 వచ్చేస్తుంది. ఆ తరువాత ఒక మనిషి గంటసేపు కూర్చున్నందుకు 6 శాతం బ్లీచ్ అయితే 150 మిల్లీలీటర్లు, 7.5 శాతమైతే 120 మిల్లీలీటర్లు. సీసా మీద సువాసన, చిందకుండా చిక్కబరిచినది అని రాసి ఉంటే కొనకండి, వాటిలో సబ్బు లాంటివి కలుపుతారు.

మాధవి_సియాటిల్

శేషు గారి లెక్క సరైనదే, కానీ అది రోజూ టబ్బు దగ్గరికి వెళ్లి సీసా పట్టుకునేవారి లెక్క. మా ఇంట్లో వానాకాలమంతా బ్రోమిన్‌తోనే నడుస్తుంది. ఎందుకు ఇష్టమో చెబుతాను.

క్లోరిన్ చెమటతో కలిస్తే క్లోరమైన్లు అవుతాయి. వాటికి చంపే శక్తి తక్కువ, కళ్లు మండుతాయి, ఘాటు వాసన. బ్రోమిన్ చెమటతో కలిసి బ్రోమమైన్లు అయినా చంపే శక్తి చాలావరకు నిలుస్తుంది, వాసన తక్కువ. పీహెచ్ 8 దగ్గర క్లోరిన్‌లో చురుకైన భాగం పావు వంతు మాత్రమే, బ్రోమిన్‌లో నాలుగింట మూడు వంతులకు పైగానే చురుకుగా ఉంటుంది. బుడగలు ఆడే టబ్బులో పీహెచ్ పైకి పోతూనే ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

తేలే డబ్బాలో బ్రోమిన్ బిళ్లలు వేసి వదిలేస్తే నాలుగైదు రోజుల ప్రయాణానికి వెళ్లినా నీళ్లు పాడవకుండా ఉంటాయి. బిళ్లలు ఇష్టం లేనివారు నీళ్లు నింపగానే సోడియం బ్రోమైడ్ వేస్తారు, మీ టబ్బుకు 50 గ్రాములు సరిపోతుంది. ఆ తరువాత దిగినప్పుడల్లా కొంచెం షాక్ పొడి, అంటే నీళ్లలోని మురికిని కాల్చే పొడి, వేస్తే ఆ బ్రోమైడే మళ్లీ మళ్లీ బ్రోమిన్‌గా మారుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. ఎండ తగిలితే నిలవదు, క్లోరిన్‌కు సైనూరిక్ ఆమ్లం గొడుగు పట్టినట్టు బ్రోమిన్‌కు పట్టేది లేదు. కొందరికి ఒళ్లు దురద పెడుతుంది. ఒకసారి బ్రోమైడ్ పడిన నీళ్లలో క్లోరిన్ పోసినా అది బ్రోమినే అవుతుంది, కాబట్టి నీళ్లు పారబోస్తే తప్ప వెనక్కి రాలేరు.

సుధారాణి_షార్లెట్

నేను ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డులో నర్సుని. ఈ చర్చలో అమ్మానాన్నల మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్పాలనిపించింది.

2019 సెప్టెంబరులో మా రాష్ట్రం నార్త్ కరోలినా పశ్చిమాన ఫ్లెచర్‌లో మౌంటెన్ స్టేట్ ఫెయిర్ జరిగింది. అక్కడ అమ్మకానికి ప్రదర్శనగా పెట్టిన హాట్ టబ్బుల తుంపర నుంచి తీవ్రమైన న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా అనే సూక్ష్మక్రిమి వ్యాపించిందని దర్యాప్తులో తేలింది. 130 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు చనిపోయారు. ఎవరూ ఆ టబ్బుల్లో దిగలేదు. పక్క నుంచి నడిచి వెళ్లినవారే. ఆ సూక్ష్మక్రిమికి 25 నుంచి 45 డిగ్రీల వేడి అనుకూలం, మన టబ్బు వేడి సరిగ్గా ఆ మధ్యలో ఉంటుంది. బుడగలు దానిని గాలిలోకి లేపుతాయి. 50 దాటినవారికి, పొగతాగేవారికి, ఊపిరితిత్తుల జబ్బున్నవారికి ప్రమాదం ఎక్కువ. ఒంటి మీద ఎర్రటి పొక్కులు తెప్పించే సూడోమోనాస్ మరొకటి, అది పిల్లలకు ఎక్కువగా చూస్తాం.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ హాట్ టబ్బులో క్లోరిన్ కనీసం 3 పీపీఎం, బ్రోమిన్ అయితే 4 నుంచి 8 పీపీఎం, పీహెచ్ 7.0 నుంచి 7.8 ఉండాలంటుంది. శేషు గారూ, మీరు చెప్పిన పద్ధతిలో ఒక మాట వదిలేశారు. హాట్ టబ్బులో సైనూరిక్ ఆమ్లం గానీ, అది కలిసిన క్లోరిన్ గానీ వాడవద్దని అదే సీడీసీ చెబుతోంది. పెద్దవాళ్లు దిగే టబ్బుకు నేను ఆ మాటే పాటిస్తాను.

శేషు_ఆస్టిన్

సుధారాణి గారూ, ఆ సలహా నాకు తెలుసు, గౌరవిస్తాను. కానీ సైనూరిక్ ఆమ్లం బొత్తిగా లేని వేడి నీళ్లలో బ్లీచ్ పోస్తే క్లోరిన్ ఘాటు మూతకు, తలదిండ్లకు, చర్మానికి తగులుతుంది, తొందరగా ఆవిరైపోతుంది. ఎంతో కొంత ఉంటే ఆ ఘాటు తగ్గుతుంది. 20, 30 దగ్గర ఆపి, క్లోరిన్‌ను 3 దగ్గర కాకుండా 5 దగ్గర నిలిపితే ఇంటి టబ్బుకు నేను భయపడను. నిత్యం డైక్లోర్ పోసి 150, 200కు తీసుకెళ్లడమే అసలు ప్రమాదం. దుకాణాలు చెప్పేది మాత్రం ఆ పద్ధతే.

సుధారాణి_షార్లెట్

5 దగ్గర నిలుపుతారంటే కొంత ఊరట. అయినా అమ్మానాన్నలున్న ఇంటికి మాధవి గారి బ్రోమిన్ దారి నాకు నచ్చింది. అక్కడ సైనూరిక్ ఆమ్లం గొడవే లేదు.

పద్మజ గారూ, నీళ్ల వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారన్‌హీట్ దాటకూడదు. నాన్నగారు దిగేరోజు 37, 38కి తగ్గించి పది పదిహేను నిమిషాలతో సరిపెట్టండి. బీపీ మందులు వాడుతుంటే ముందు వైద్యుణ్ణి అడగండి, వేడికి రక్తపోటు పడిపోయి లేవగానే కళ్లు తిరుగుతాయి. అయిదేళ్ల లోపు పిల్లలు దిగకూడదు. మీ పాపకు పరవాలేదు, తక్కువసేపు ఉంచండి.

మూర్తి_విశాఖ

నేను నీటి శుద్ధి కేంద్రంలో ప్రయోగశాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మందు ఏదైనా సరే, ముందు క్షారత, అంటే నీళ్లలో ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బనేట్ లాంటి లవణాల మొత్తం, సరిచేసుకోనివారికి ఏదీ పనిచేయదు. దుకాణాలు అమ్మే పీహెచ్ పెంచే సీసా చాలా ఇళ్లలో అక్కరలేదు.

బుడగలు ఆడినప్పుడల్లా నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. అది పోతే పీహెచ్ పెరుగుతుంది. మొత్తం క్షారత 120 పీపీఎం ఉంటే పీహెచ్ ఎంత దించినా రెండు రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. దాన్ని 50, 60కి తీసుకొస్తే పీహెచ్ 7.4, 7.6 మధ్య వారం రోజులు కూడా కదలదు. తీసుకొచ్చే పద్ధతి ఇది: పొడి ఆమ్లం, అంటే సోడియం బైసల్ఫేట్, కొంచెం వేసి పీహెచ్ 7.2కు దించండి. మూత తీసి బుడగలు పూర్తిగా తెరవండి. పీహెచ్ పెరిగాక మళ్లీ కొంచెం ఆమ్లం. ప్రతి విడతకూ క్షారత కొంత తగ్గుతుంది. మొదటి వారం ఈ పనికి ఓపిక పట్టినవారికి తరువాత నెలలు హాయిగా గడుస్తాయి. క్షారత మరీ తగ్గితే పెంచడానికి వంటసోడా చాలు, ఖరీదైన సీసా అనవసరం.

కాల్షియం 150, 200 ఉంటే నురుగు తక్కువ. మీ ఊరి కుళాయి నీళ్లలో ఎంతుందో ముందు చూసుకోండి. ఉత్తర టెక్సస్ నీటి సంస్థ క్లోరమైన్‌తో శుద్ధి చేసి పంపుతుంది, కాబట్టి నింపగానే స్ట్రిప్ మొత్తం క్లోరిన్ గడిలో రంగు చూపిస్తుంది. అది చూసి మందు ఉందనుకోకండి, స్వేచ్ఛా క్లోరిన్, అంటే ఇంకా దేనితోనూ కలవని క్లోరిన్, గడి చూడండి.

స్ట్రిప్‌ల మాట వచ్చింది కాబట్టి: రోజువారీ చూపుకు పరవాలేదు, నిర్ణయాలకు చాలవు. చుక్కలు లెక్కపెట్టే కిట్ కొనండి. క్లోరిన్‌కు టేలర్ కె-2006, బ్రోమిన్‌కు టేలర్ కె-2106. లావెండర్ స్ఫటికాల డబ్బుతో పాటు మరికొంత వేస్తే కిట్ వస్తుంది. రంగు పోల్చే చవక కిట్లలో ఇంకో మోసం ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే అది ఆ గులాబి రంగునే వెలిసిపోయేలా చేస్తుంది. క్లోరిన్ లేదనుకొని ఇంకా పోస్తారు.

సహజ_కిరణ్

వెండి కడ్డీ గురించి ఎవరూ మాట్లాడలేదు. మన పెద్దలు రాగి చెంబులో నీళ్లు తాగారు, రాగీ వెండీ క్రిములను చంపుతాయని శాస్త్రం కూడా ఒప్పుకుంది. రసాయనాలు లేకుండా ఆ కడ్డీతోనే నడపలేమా? పిల్లల చర్మం గురించి అడుగుతున్నాను.

మూర్తి_విశాఖ

కిరణ్ గారూ, మీ ఆదుర్దా అర్థమైంది. రాగి బిందెలో రాత్రంతా, కొన్ని గంటలపాటు నిలిచిన నీళ్లలో క్రిములు తగ్గుతాయి. ఆ వేగం అంతే. టబ్బులో ఒకరి ఒంటి నుంచి వచ్చిన క్రిమి పక్కనున్న మనిషికి చేరడానికి క్షణాలు చాలు. క్లోరిన్, బ్రోమిన్ ఆ వ్యవధిలో చంపగలవు, లోహపు అయాన్లు చంపలేవు. పైగా చెమట, నూనె లాంటి మురికిని లోహం కాల్చదు. కడ్డీ ఉంటే ఉండనివ్వండి, మందు మాత్రం పూర్తి మోతాదులో ఉండాలి. ఓజోన్, అతినీలలోహిత దీపం కూడా ఇంతే. గొట్టంలోంచి పోయే నీటినే అవి శుద్ధి చేస్తాయి, తొట్టిలో కూర్చున్నవారి మధ్య ఉన్న నీటిని కాదు. షాక్ పొడి, అంటే పొటాషియం మోనోపర్‌సల్ఫేట్, కూడా మురికిని కాలుస్తుందే తప్ప ఒంటరిగా క్రిమిసంహారి కాదు.

పాప చర్మం గురించి అయితే, మందు తక్కువైన నీళ్లే ఎక్కువ హాని. ఘాటైన క్లోరిన్ వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైందని కాదు, చాలక క్లోరమైన్లు మిగిలాయని అర్థం.

కోకాపేట_శ్రీను

హైదరాబాదు నుంచి. మా విల్లాలో ఆరుగురు కూర్చునే హాట్ టబ్ ఉంది, బోరు నీళ్లు. బ్లీచింగ్ పౌడర్ చవకగా దొరుకుతుంది, పంచాయతీవాళ్లు బావుల్లో అదే వేస్తారు కదా, టబ్బులో వేయవచ్చా? ఈతకొలను చూసే కుర్రాడు టీసీసీఏ బిళ్లలు వేస్తానంటున్నాడు.

మూర్తి_విశాఖ

శ్రీను గారూ, రెండూ వద్దు. బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతే క్లోరిన్, మిగతాది చాలావరకు సున్నం. అసలే బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. వేడి తగలగానే హీటరు మీద తెల్లటి పొర కడుతుంది, అడుగున మడ్డి దిగుతుంది. టీసీసీఏ అంటే శేషు గారు పైన వద్దన్న ట్రైక్లోరే. వీలైతే మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే కుళాయి నుంచి నింపండి. కుదరకపోతే మెత్తబరిచిన నీళ్లతో బోరు నీళ్లు కలిపి కాల్షియం 200 దగ్గరకు తెచ్చుకోండి. మందుకు ఎస్‌డీఐసీ గుళికలు అడగండి, అది డైక్లోరే. ఆ తరువాత సోడియం హైపోక్లోరైట్ ద్రవం. మన ఎండలకు ఆ ద్రవం బలం వారాల్లోనే సగానికి పడిపోతుంది, చిన్న క్యాన్లు కొని నీడన పెట్టండి.

ఒకవేళ మీది ప్రతిసారీ నింపి, వాడాక ఖాళీ చేసే జకూజీ స్నానపు తొట్టి అయితే ఈ మందులేవీ అక్కరలేదు. గొట్టాలు మాత్రం నెలకోసారి శుభ్రం చేయించండి.

కోకాపేట_శ్రీను

నింపి ఉంచేదే, మూత ఉంది. శనాదివారాలు మాత్రమే వాడతాం. ఎస్‌డీఐసీ ఇవాళే అడుగుతాను. కుర్రాడికి మీ మాట చదివి వినిపించాను, బిళ్లలు తిరిగి ఇచ్చేస్తానన్నాడు.

లక్ష్మి_ఆల్ఫరెట్టా

రెండు మాటలు చెప్పాలి, రెండూ ముఖ్యమే.

మొదటిది నూనె. మన ఇళ్లలో తలకు కొబ్బరినూనె, ఆదివారం నువ్వులనూనె, సున్నిపిండి. ఆ ఒంటితో టబ్బులో దిగితే ఎంత క్లోరిన్ పోసినా మిగలదు. అంచు చుట్టూ జిడ్డు వలయం, పైన నురుగు. అమ్మావాళ్లకు చెప్పడానికి మొహమాటపడకండి పద్మజ గారూ, దిగేముందు సబ్బుతో తలారా స్నానం చేయించండి. ఈత దుస్తులు డిటర్జెంటుతో కాకుండా ఉత్త నీళ్లతో జాడించండి, నురుగులో సగం అక్కడి నుంచే వస్తుంది. అప్పుడు నురుగు తగ్గించే సీసా కూడా మూల పడుతుంది.

రెండోది నిల్వ. 2024 సెప్టెంబరు 29న మా దగ్గరి కాన్యర్స్‌లో బయోల్యాబ్ అనే ఈతకొలను రసాయనాల కర్మాగారం తగలబడింది. మంటలార్పే నీటి గొట్టం చెడి నీళ్లు రసాయనాల మీద పడ్డాయి. సుమారు 17,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. అట్లాంటా దాకా క్లోరిన్ వాసన వచ్చింది. గరాజులో మనం పెట్టేది డబ్బా మాత్రమే, కానీ స్వభావం అదే. డైక్లోర్ డబ్బాలో తడి చెంచా పెట్టకండి. షాక్ పొడిలోనే ఇంకో రకమైన కాల్షియం హైపోక్లోరైట్‌ను డైక్లోర్ పక్కన ఉంచకండి, రెండూ కలిస్తే నిప్పు పుడుతుంది. బ్లీచ్, ఆమ్లం ఒకే అలమరలో వద్దు, కలిస్తే విషవాయువు. ఎప్పుడూ నీళ్లలో మందు పోయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు.

మాధవి_సియాటిల్

లక్ష్మి గారి మాటకు తోడు, కొత్త టబ్బులు కర్మాగారంలో నీళ్లు పోసి పరీక్షిస్తారు. ఆ నీళ్లు గొట్టాల్లో కొంత మిగిలి, మీ ఇంటికి వచ్చేసరికి లోపల జిగురు పొర కడుతుంది. ఆ పొరలో దాక్కున్న క్రిములకు క్లోరిన్ గానీ బ్రోమిన్ గానీ సులువుగా అందదు. అందుకే మొదటిసారి నింపాక గొట్టాలు శుభ్రం చేసే జెల్ వేసి, బుడగలు అరగంట తిప్పి, పైకి తేలిన మురికి తుడిచి, నీళ్లన్నీ పారబోయండి. ఆహ్-సమ్ అనే జెల్ నేను వాడతాను. ఆ తరువాత నింపేదే మీ అసలు నీళ్లు. నీళ్లు మార్చిన ప్రతిసారీ పారబోయడానికి ముందు ఈ పని చేయండి.

ఎప్పుడు మార్చాలో లెక్క సులువు: గ్యాలన్లను 3తో, రోజూ దిగేవారి సంఖ్యతో భాగించండి. 350 గ్యాలన్లకు రోజూ ఇద్దరైతే 58 రోజులు, ముగ్గురైతే 39.

పద్మజ_ఫ్రిస్కో

అందరికీ కృతజ్ఞతలు. డబ్బా చూశాను, గుళికలు డైక్లోరే. అయినా సుధారాణి గారి మాట మనసులో నాటుకుంది, అమ్మానాన్న ఉన్నన్నాళ్లూ బ్రోమిన్‌తోనే నడుపుతాను. సోడియం బ్రోమైడ్, మోనోపర్‌సల్ఫేట్, పొడి ఆమ్లం, కె-2106 కిట్, జెల్ తెప్పిస్తున్నాను. వంటసోడా ఇంట్లోనే ఉంది. వాళ్లు వెళ్లాక నీళ్లు మార్చి శేషు గారి పద్ధతికి వస్తాను, రోజూ చూసుకునే ఓపిక నాకుంది. వెండి కడ్డీ, మెరుపు సీసా, లావెండర్ తిరిగి ఇచ్చేశాను, దుకాణంవాళ్లు తీసుకున్నారు.

ఒక్క సందేహం. పొడి ఆమ్లం, షాక్ పొడి రెండూ ఒకే సాయంత్రం వేయాల్సి వస్తే ఏది ముందు? వెంటనే మూత వేయవచ్చా?

మూర్తి_విశాఖ

ఆమ్లం ముందు. విడిగా ఒక మగ్గు నీళ్లలో కరిగించి, పంపు తిరుగుతుండగా పోయండి. అరగంట తరువాత పీహెచ్ చూసి అప్పుడు షాక్ పొడి. అది కూడా పీహెచ్‌ను కొంత దించుతుంది కాబట్టి ఆమ్లం లెక్కకు కొంచెం తక్కువే వేయండి. మూత మరో ఇరవై నిమిషాలు తెరిచే ఉంచండి, పైకి లేచే ఆవిరి మూత అడుగున పట్టి దాన్ని పాడుచేస్తుంది. దిగేముందు బ్రోమిన్ 4కు పైన ఉందో లేదో కిట్‌తో చూసుకోండి.

సుధారాణి_షార్లెట్

8 దాటితే దిగకండి, తగ్గేదాకా ఆగండి. నాన్నగారు దిగినప్పుడు పక్కన ఒకరుండి, లేచేటప్పుడు చెయ్యి పట్టుకోండి.